థామస్ మిడ్‌గ్లీ

టర్బోచార్జరు గల ఇంజనులో గాలి ముందే ఒత్తిడికి లోనై సిలిండరులో ప్రవేశిస్తుంది. తక్కువ ఆక్టేను పెట్రోలు ఆ వేడికి, ఒత్తిడికి తాళలేదు. స్పార్కు ప్లగ్గు రగిల్చిన మంట చేరకముందే దానంతటదే భగ్గుమంటుంది. దీనినే మనం ‘నాకింగ్’ అంటున్నాం. అట్టి ఇంజనులకు తయారీదారు సూచించిన అధిక ఆక్టేను ఇంధనమే శరణ్యం.

ఈ రుగ్మతకు మందు వెదకిన థామస్ మిడ్‌గ్లీ 1889లో పెన్సిల్వేనియాలోని బీవర్ ఫాల్స్‌లో జన్మించాడు. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడైనాడు. చదివినది యంత్రశాస్త్రమే గాని రసాయనశాస్త్రం కాదు! చార్లెస్ కెటరింగ్ వద్ద ఏళ్ళతరబడి ఒక్కొక్క పదార్థాన్నే పరీక్షించి, 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్‌ను కనుగొన్నాడు. లేశమాత్రం కలిపినా నాకింగ్ అణగిపోయింది. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలు వాడిన నూరు ఆక్టేను పెట్రోలులోనూ ఆ సీసమే ఉన్నది.

సీసం విషమని అతడెరుగనివాడు కాడు. 1923లో ఆ విషంతో తానే జబ్బుపడి విశ్రాంతి తీసుకొన్నాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో ఐదుగురు కార్మికులు మతిచలించి మరణించారు. అయినను ఆ నెలలోనే విలేఖరుల ఎదుట ఆ ద్రవంతో చేతులు కడిగి, ఆవిరి పీల్చి, భయం లేదని చూపాడు. ఆల్కహాలు కూడ నాకింగ్‌ను అణచునని ఎరిగిన మనిషి చేసిన ఈ పని మాకు క్షంతవ్యంగా తోచదు.

1940లో పోలియో సోకి కాళ్ళు చచ్చుబడ్డాయి. మంచంపై నుండి లేచుటకు తాళ్ళు, కప్పీలతో తానే ఒక సాధనం కల్పించుకొన్నాడు. 1944 నవంబరు 2న ఆ తాళ్ళే మెడకు బిగిసి మరణించాడు.

మన దేశంలో సీసపు పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియాలో. నేడు మన పెట్రోలులో కలుస్తున్నది ఆల్కహాలే.