గగనమార్గమును తెరచిన జహంగీర్ టాటా

1904వ సంవత్సరమున హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగు పుస్తకమును పదిమందికి అందింపవలెనను కోరిక ఓరుగల్లు సీమలో ఆ విధముగా రూపుదాల్చి, కాలక్రమమున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలకును ప్రాకినది. అదే సంవత్సరమున జూలై 29వ తేదీన, సముద్రముల కావల పారిస్ నగరమున ఒక పార్సీ గృహస్థునకు కుమారుడు జన్మించెను. అతడే జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా. జె. ఆర్. డి. యను మూడక్షరములతోనే లోకము ఆయనను ఎక్కువగా ఎరుగును. ఉక్కు కర్మాగారముల అధిపతిగా ఆయన పేరు విన్నవారు పెక్కుమంది. కాని ఆయన మనస్సు మాత్రము బాల్యమునుండి ఆకాశమునందే తిరుగుచుండెడిది. ఒక ధనవంతుని వేడుకగా మొదలైన విమానచోదనము దేశమునకు అక్కరకు వచ్చు సేవగా ఎట్లు మారినదో ఆయన చరిత్రము తెలుపును.

తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా, సుప్రసిద్ధుడైన జంషెడ్జీ టాటాకు బంధువును, వ్యాపారమున భాగస్వామియు. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. వివాహానంతరము ఆమె సూనీ యను పేరు దాల్చినది. ఈ దంపతుల అయిదుగురు సంతానములో జహంగీరు రెండవవాడు. అతని బాల్యము కొంత ఫ్రాన్సులోను, కొంత బొంబాయిలోను, కొంత జపానులోను గడచినది. వేసవి దినములలో ఆ కుటుంబము ఫ్రాన్సు ఉత్తరతీరముననున్న హార్దెలో యను ఊరిలో నివసించెడిది. ఆ ఊరనే లూయీ బ్లేరియో అను వైమానికునకును ఇల్లుండెను. 1909వ సంవత్సరము జూలై 25వ తేదీన ఫ్రాన్సునకు ఇంగ్లండునకు నడుమనున్న ఇంగ్లీషు ఛానెలును విమానమున మొట్టమొదట దాటిన ధీరుడితడే.

అమెరికాలో రైటు సోదరులు తొలిసారి ఎగిరినది 1903 డిసెంబరులో. జహంగీరు పుట్టుక దానికి ఏడు మాసముల తరువాతిది. కావున విమానమును, ఈ బాలుడును ఒకే ఈడువారై పెరిగిరనవచ్చును. బ్లేరియో పక్షపు విమానము సముద్రపుటొడ్డున ఇసుకపై దిగుచుండగా అతడు రెప్పవాల్పక చూచెడివాడు. పదునైదవ యేట ఒకనాడు విమానమెక్కి కొంతసేపు విహరించు భాగ్యము కలిగినది. తానును విమానమును నడపవలెనను తలంపు నాడే అతని మనస్సున నాటుకొనెను.

ఆ తలంపు ఈడేరుటకు మరి పదేండ్లు పట్టినది. 1923లో తల్లి మరణించినది. 1925 చివర జహంగీరు బొంబాయి చేరి, టాటా సంస్థలో జీతము లేని అభ్యాసకుడుగా ప్రవేశించెను. మరుసటి యేడే తండ్రియు కాలధర్మము నొందుటచే, ఇరువదిరెండేండ్ల ప్రాయముననే కుటుంబభారము ఆ యువకుని భుజములపై బడినది. ఇన్ని బాధ్యతల నడుమను, బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్బు ఏర్పడినదని వినినంతనే టాటాగారు అందు చేరిరి. మూడు గంటల నలుబదియైదు నిమిషముల శిక్షణతోనే ఒంటరిగా విమానమును నడపగలిగిరి. 1929 ఫిబ్రవరి 10వ తేదీన వారికి వైమానిక యోగ్యతాపత్రము లభించినది. మన దేశమున ఒసగబడిన అట్టి పత్రములలో దాని సంఖ్య ఒకటి.

ఆ దినములలో సొంత విమానమనగా సంస్థానాధీశులకును, కోటీశ్వరులకును తగిన వైభవము. జోధపురము మహారాజా ఉమ్మేద్‌సింగ్ విమానవిహారమునందు మిక్కిలి ఆసక్తి గలవాడై తన రాజధానిలో విమానాశ్రయమునే నిర్మింపజేసెను. నిజాము ఏలుబడిలోను హైదరాబాదున బేగంపేటయందు, ఓరుగల్లు చెంత మామునూరునందు విమానములు దిగు మైదానము లేర్పడినవి. అయినను, ఎడ్లబండిమీదను, కాజీపేట మీదుగా పోవు రైలుబండిమీదను ప్రయాణించు మన రైతునకు విమానము తలయెత్తి చూచి ఆశ్చర్యపడదగిన వింతయే గాని, తన బ్రతుకునకు సంబంధించిన వస్తువు కాదు. టాటాగారి విమానమును ఆనాడు చూచిన వారికి, కలవారి బిడ్డ ఖరీదైన ఆటబొమ్మతో ఆడుకొనుచున్నాడనియే తోచియుండును. ఆ అభిప్రాయమును మార్చు సందర్భములు రెండు త్వరలోనే వచ్చినవి.

మొదటిది పందెము. ఇంగ్లండు, భారతదేశముల నడుమ ఏ దిక్కునుండియైనను ఒంటరిగా విమానమును నడపుకొని, నియమిత కాలములో మొట్టమొదట గమ్యము చేరిన భారతీయునకు 500 పౌనుల బహుమానము నిత్తునని ఆగాఖాన్ ప్రకటించెను. 1930 మే 3వ తేదీన టాటాగారు తమ జిప్సీ మాత్ విమానముపై కరాచీనుండి బయలుదేరిరి. ఆస్పీ ఇంజినీరు అను పదునేడేండ్ల పార్సీ బాలుడు ఇంగ్లండునుండి ఎదురుగా వచ్చుచుండెను. ఇరువురును ఈజిప్టులోని అబూకీరు మైదానమున కలిసికొనిరి. ఆస్పీ విమానపు ఇంజనులో స్పార్కు ప్లగ్గులు చెడి, మారుగా వేయుటకు వేరేవి లేక అతడు అచ్చట చిక్కుకొనియుండెను. ఎదుటివాడు అట్లే నిలిచిపోయినచో బహుమానము తనకే దక్కుననుట టాటాగారు ఎరుగనిది కాదు. అయినను వారు తమయొద్ద అదనముగానున్న ప్లగ్గులను తీసి అతని చేతికిచ్చిరి. ఆస్పీ కృతజ్ఞతతో తన రక్షణకవచమును, అనగా నీట పడినచో తేల్చునట్టి అంగీని, వారికిచ్చెను. కొద్ది వ్యవధిలో ఆస్పీయే ముందుగా గమ్యము చేరి బహుమానము గెలుచుకొనెను. టాటాగారు ఓడిరి, ఆ ఓటమిని వారెన్నడును కొరతగా ఎంచలేదు. ఆ ఆస్పీ తదుపరి వాయుసేనలో చేరి, 1960లో భారత వాయుసేనకు అధిపతి యయ్యెను.

రెండవ సందర్భము ఇంతకంటె గొప్పది. 1929 నుండి లండను టపా విమానముపై కరాచీవరకు వచ్చుచుండెను. అచ్చటినుండి బొంబాయికిని, మద్రాసునకును అది రైలులోనే పోవలసియుండుటచే, గాలిలో మిగిలిన కాలము నేలమీద వ్యర్థమగుచుండెను. నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు, కరాచీనుండి మద్రాసువరకు విమానమున టపా చేరవేయు పథకమును సిద్ధపరచి టాటాగారికి చూపెను. టాటా సంస్థ పెద్దలు రెండు లక్షల రూపాయల పెట్టుబడికి సమ్మతించిరి. ప్రభుత్వము ఆర్థికసహాయము చేయుటకు మాత్రము ఇష్టపడలేదు. రెండు చిన్న పస్ మాత్ విమానములతో పని ప్రారంభమైనది.

1932 అక్టోబరు 15వ తేదీ ఉదయమున టాటాగారు తామే విమానమును నడపుచు, సుమారు 55 పౌనుల బరువుగల ఉత్తరముల సంచితో కరాచీ విడచిరి. అహమ్మదాబాదున దిగినపుడు పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిమీద వచ్చినవి. మధ్యాహ్నమునకు బొంబాయిలోని జుహూ మైదానమున విమానము సురక్షితముగా దిగినది. అచ్చటినుండి విన్సెంట్ ఆ టపాను అందుకొని, బళ్ళారి మీదుగా మరునాడు మద్రాసు చేర్చెను. బళ్ళారి అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. కన్నడముతోపాటు తెలుగు వినవచ్చు పట్టణము. దేశీయ విమాన టపా మొదటి ప్రయాణములోనే తెలుగు మాటాడు ప్రజల నడుమ దిగినదనుట మనకు సంతోషదాయకము. కొలది కాలమునకు హైదరాబాదును ఆ మార్గమున ఒక మజిలీ యయ్యెను.

ఆనాటి విమానము ఎట్టిదో నేటివారు ఊహించుటయు కష్టమే. ఇంజను ఒక్కటి; వేగము గంటకు సుమారు నూరు మైళ్లు. నేలమీది వారితో మాటాడుటకు రేడియో లేదు. రైలుపట్టాలను, నదులను, తీరరేఖను కనిపెట్టి చూచుచు చోదకుడు దారి పోల్చుకొనవలెను. మబ్బు క్రమ్మినచో ఆ గురుతులును మరుగగును. జుహూ మైదానము వానకాలమున బురదగుంటగా మారుటచే, ఆ నెలలలో విమానములను పూనాకు తరలింపవలసివచ్చెడిది. ప్రయాణికుడెవడైన ఉన్నచో, టపా సంచులనడుమనే ఇరుకుకొని కూర్చుండవలెను. ఇన్ని ఇబ్బందులలోను మొదటి సంవత్సరమున ఆ విమానములు 1,60,000 మైళ్లు తిరిగినవి. 155 మంది ప్రయాణికులను చేర్చినవి. ఉత్తరము చెప్పిన వేళకు చేరవలెననునదే ఆ సంస్థకు నియమము. ఉత్తరమునకై ఎదురుచూచువానికి దానిని తెచ్చిన విమానమెవరిదో తెలియకపోవచ్చును. అది వేళకు అందుటయే అతనికి ముఖ్యము. వేడుక సేవగా మారినది ఇక్కడనే.

1938లో, ముప్పదినాలుగేండ్ల వయస్సున, టాటాగారు టాటా సంస్థలన్నిటికిని అధ్యక్షులైరి. 1942లో విన్సెంట్ ఎక్కిన విమానము యుద్ధమున శత్రువుల తాకిడికి గురియై, ఆ ప్రియమిత్రుడు తిరిగి రాలేదు. యుద్ధము ముగిసిన పిదప 1946లో వారి విమానసంస్థ ఎయిరిండియా యను పేరు దాల్చినది. 1948 జూన్ 8వ తేదీన దాని మలబార్ ప్రిన్సెస్ విమానము బొంబాయినుండి లండనుకు పయనమైనది. ఆ కాలముననే నిజాము ప్రభుత్వమును, టాటా సంస్థయు కలిసి బేగంపేట కేంద్రముగా దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థను నడపుచుండెను. మన దేశమున వాణిజ్య విమానమును నడపిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చిన కీర్తి ఈ హైదరాబాదు సంస్థకే చెందును.

1953లో ప్రభుత్వము దేశములోని విమానసంస్థలను జాతీయము చేసినది. దక్కన్ ఎయిర్‌వేస్ మొదలగునవి ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినవి. విదేశములకు పోవు విమానములు ఎయిరిండియా ఇంటర్నేషనల్ అధీనమైనవి. ఇరువదియొక్క సంవత్సరములు కంటికి రెప్పవలె పెంచిన సంస్థ చేజారుట టాటాగారికి మిక్కిలి బాధ కలిగించినది. ఆ పద్ధతి సరికాదని వారు వాదించిరి. వాదము నెగ్గలేదు. అంతట అలిగి ఇంట కూర్చుండినను వారిని తప్పుపట్టువారుండెడివారు కారు. కాని ప్రభుత్వము కోరగా వారు ఆ సంస్థకు అధ్యక్షులుగా ఉండుటకు ఒప్పుకొని, జీతమేమియు పుచ్చుకొనక ఇరువదియైదేండ్లు సేవ చేసిరి. సాధారణ ప్రయాణికునివలె విమానమెక్కి, తేనీటి రంగు మొదలు ఆసనముల శుభ్రతవరకు సమస్తమును పరికించి, లోపములను వ్రాసి అధికారులకు పంపెడివారు. తనది కాని సొత్తును తనదానికంటె శ్రద్ధగా చూచుట అందరికి సాధ్యమగు గుణము కాదు.

1978 ఫిబ్రవరిలో ప్రభుత్వము వారిని ఆ పదవినుండి తొలగించెను. డెబ్బదిమూడేండ్ల వృద్ధునకు ఇది రెండవ దెబ్బ. 1980లో మరల పాలకవర్గమున సభ్యత్వము లభించినను, అధ్యక్షపదవి తిరిగి రాలేదు. అయినను ఆకాశముపై వారి మక్కువను ఏ ఉత్తరువును తీసివేయజాలదయ్యెను. తొలి టపాప్రయాణమునకు ఏబదియేండ్లు నిండిన 1982 అక్టోబరు 15వ తేదీన, డెబ్బదియెనిమిదేండ్ల టాటాగారు లెపర్డ్ మాత్ అను పాత ఒంటి ఇంజను విమానము నెక్కి, కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తామే నడపుకొని వచ్చిరి. పదవి లేదు, పందెము లేదు, గెలువవలసిన బహుమానమును లేదు. ఏబదియేండ్ల క్రిందట తెరచిన బాటను మరల ఒకసారి కొలిచి చూచుకొనుటయే వారి కోరిక.

1992లో భారతప్రభుత్వము వారికి భారతరత్న బిరుదము నొసగెను. 1993 నవంబరు 29వ తేదీన, తమ ఎనుబదితొమ్మిదవ యేట, జెనీవా నగరమున టాటాగారు కన్నుమూసిరి. వారి సమాధి జన్మస్థలమైన పారిస్ నగరముననే యున్నది. 2022 జనవరిలో ఎయిరిండియా తిరిగి టాటా సంస్థకు చేరినది. దానిని చూచుటకు వారు మాత్రము లేకపోయిరి.

టాటాగారికి పుట్టుకతోనే సంపద కలదు. విమానము కొనగలిగిన శక్తియు కలదు. అట్టి శక్తి గలవారు ఆ కాలమున మరికొందరును ఉండిరి. వారిలో పెక్కురి విమానములు వారి వినోదముతోనే ముగిసినవి. టాటాగారి విమానము మాత్రము ఎవరో వ్రాసిన ఉత్తరమును మరెవరికో మోసికొనిపోయినది. అబూకీరు మైదానమున ప్లగ్గులు పంచి యిచ్చిన చేయియు, చేజారిన సంస్థకు జీతము లేక పనిచేసిన చేయియు ఒక్కటే. విద్యయైనను, ధనమైనను, చేతి నేర్పైనను ఒకరియొద్ద నిలిచిపోక నలుగురికి అందినపుడే దానికి సార్థకత. గ్రామమున పుస్తకములను కూర్చి పదిమంది ముందుంచువారును, తమ పాటి మేర ఆ పనియే చేయుచున్నారు. ఈ గ్రంథాలయమున చదువుకొను బాలబాలికలలో ఎవరికి ఏ విద్యపై మక్కువ కలిగినను, దానిని టాటాగారివలె లోకమునకు ఉపయోగపరతురు గాక.