ముప్పై ఏడో ఏట డాక్టరేట్

ఎంటెక్‌కో, ఎంఎస్‌కో అప్లై చేద్దామనుకుని, వయసైపోయిందేమో, గ్యాప్ వచ్చేసిందేమో అని ఆగిపోయారా? అయితే కానూరి లక్ష్మణరావు గారి బయోడేటా ఒకసారి చూడండి. అదేనండీ, మన కె.ఎల్.రావు.

1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా గంటల తరబడి డ్రాయింగులు గీయాల్సిన ఇంజినీరింగే ఎంచుకున్నారు. గిండీలో బీఈ చదివారు. మద్రాసు యూనివర్సిటీలో ఇంజినీరింగ్ మాస్టర్స్ పట్టా అందుకున్న తొలి విద్యార్థి ఆయనే. అంటే, ఎలా చదవాలో అడగడానికి సీనియర్లే లేరన్నమాట! రంగూన్‌లో పాఠాలు చెప్పారు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ వచ్చేసరికి 1939. లెక్కేసుకోండి.

మీరూ ఈ మధ్య ఎక్కడైనా పనిచేసి ఉంటే దాన్ని గ్యాప్ అని దాచకండి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ముందే రాయండి.

తిరిగొచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజినీరుగా గోదావరిపై రామపాదసాగర్ కోసం పనిచేశారు. అది కాగితాల మీదే ఆగిపోయింది. ఆ తర్వాతే నాగార్జునసాగర్. కాంక్రీటు బదులు రాతికట్టడంతో లేచిన ఆ డ్యామ్ వెనుక ఆయన కృషి పెద్దది. 1962లో విజయవాడ నుంచి ఎంపీగా గెలిచి, కేంద్రంలో నీటిపారుదల శాఖ చూశారు. 1986లో కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకు ఇప్పుడు ఆయన పేరే.