చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు

నిజాము రాజ్యకాలమున మన పాలమూరు మండలమందలి గద్వాల, ఆత్మకూరు సంస్థానములు పండితుల కాటపట్టులై యుండెను. కృష్ణ దాటి యచటికి వచ్చి, తమ విద్య చూపి, సత్కారములందిన కవులలో తిరుపతి వేంకటకవులు ముఖ్యులు. ఈ పేరు దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగార్లది. మా విద్యార్థులు కంప్యూటరు తరగతిలో చెదరిన యక్షరములను వరుసకు దెచ్చు లెక్కలు చేయుచున్నారు గనుక, ఆ పనినే నిండుసభలో నోటితో చేసిన వేంకటశాస్త్రిగారి చరిత్రము నిచట వ్రాయుచున్నాము.

వారు 1870వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీని గోదావరి మండలమందలి కడియమున జన్మించిరి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద వ్యాకరణము చదివిరి. అచ్చటనే తిరుపతిశాస్త్రిగారు సహాధ్యాయులైరి. తరువాత నిరువురును జంటగా నవధానములు చేయుచు సంస్థానములన్నియు తిరిగిరి.

శతావధానమున నూర్గురు పృచ్ఛకులుందురు. అవధాని మొదట నందఱికిని పద్యములో నొక్కొక్క పాదమే చెప్పును; రెండవ తిరుగుడున రెండవ పాదము; ఇట్లు నాలుగు తిరుగుళ్లు. తుదకు నాలుగువందల పాదములను పద్యముల వరుసకు మార్చి, నూఱు పద్యములను ధారణ చేయవలెను. నిలువుగా నింపిన పట్టికను అడ్డముగా చదువుట యన్నమాట.

అష్టావధానమందలి వ్యస్తాక్షరి యింకను చిత్రము. "కృష్ణానది గద్వాల చెంత పారును" అను వాక్యమును పృచ్ఛకుడు మనసున నుంచుకొనె ననుకొందము. ఇందు పండ్రెండక్షరములు. అతడు ఏడవది "ల" యనును. కొంతసేపటికి రెండవది "ష్ణా" యనును. మఱికొంతసేపటికి పదునొకండవది "రు" యనును. సంఖ్య చెప్పనిచో నీ యక్షరములను 47,90,01,600 విధముల కూర్పవచ్చును! సంఖ్య తెలిసినందున పండ్రెండు అరలు కట్టి, వచ్చిన యక్షరమును వచ్చినట్లే తన యరలో నుంచిన చాలును. ఏ యక్షరమును రెండవసారి కదపనక్కఱలేదు. కంప్యూటరును ఇట్లే చేయగలదు. అయితే దాని యరలను మధ్య నెవ్వరును కలచరు. అవధానినో, ఒకడు సమస్య నిచ్చును, ఒకడు గంట కొట్టి లెక్క చెప్పుమనును, ఒకడు పనిలేని మాటలతో నవ్వించును. ఒక్క యక్షరము జాఱెనా, సభలో తల వంచవలసినదే.

ఈ జంటకు భయ మెక్కువ! పండితులు మీసములు పెంచుట వింతయైన యా దినములలో వీరు మీసములు పెంచి, తమ్ము గెలిచినచో తీసివేసెదమని పంతము పలికిరి. గర్వమని కొంద ఱందురు గాని, నాలుకయే జీవనాధారమైన వారికి కీర్తి కూడ నన్నమే యని మేము తలంతుము.

వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. 1970లో జ్ఞానపీఠ పురస్కారమునకు ఎన్నికైన విశ్వనాథ సత్యనారాయణగారు వీరి శిష్యులే. జంటకవుల పాండవోద్యోగ విజయములు తెలుగునాట నూరూర నాడబడెను.

1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిరి. అటుపిమ్మట వేంకటశాస్త్రిగారు ముప్పదేండ్లు జీవించిరి. 1949లో మద్రాసు ప్రభుత్వము వారిని ఆస్థానకవిగా గౌరవించినది. 1950 ఫిబ్రవరి 15వ తేదీ, మహాశివరాత్రినాడు కన్నుమూసిరి. ఆ ముప్పదేండ్లును తామొక్కరే వ్రాసిన గ్రంథములను సయితము జంటపేరుతోనే ప్రకటించుచు వచ్చిరి.