నులిపురుగులకు పేర్లు పెట్టిన నేథన్ కాబ్



నులిపురుగు అనగానే కడుపులో చేరి బాధించే పురుగే మనకు గుర్తుకు వస్తుంది. కాని నులిపురుగులలో ఎన్నో జాతులు ఏ ప్రాణి దేహంలోనూ చేరవు. మట్టిలో, ఇసుకలో, సముద్రపు బురదలో తమ ఆహారాన్ని తామే వెదకుకొని జీవిస్తాయి. వీటిని స్వేచ్ఛాజీవులు అంటారు. వీటిలో చాలా వాటి పొడవు ఒక మిల్లీమీటరుకు మించదు. కంటికి సరిగా ఆనని ఈ ప్రాణులలో హాని చేసేవి ఏవో, చేయనివి ఏవో విడదీసి చెప్పడానికి జీవితాన్ని ధారపోసిన శాస్త్రజ్ఞుడు నేథన్ ఆగస్టస్ కాబ్.

కాబ్ 1859 జూన్ 30వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్పెన్సర్ అనే ఊరిలో జన్మించారు. 1881లో వూస్టర్ నగరంలో పట్టభద్రులై, కొన్నేళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఉద్యోగం ఉన్నది కదా అని ఆయన చదువు ఆపలేదు. 1887లో జర్మనీకి వెళ్లి, యేనా విశ్వవిద్యాలయంలో చేరి, మరుసటి ఏడు నులిపురుగుల పరిశోధనకు డాక్టరు పట్టం పొందారు.

1889లో ఆయన కుటుంబంతో ఆస్ట్రేలియా చేరారు. 1890లో న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయశాఖలో మొక్కల తెగుళ్ల నిపుణుడిగా నియమితులయ్యారు. గోధుమకు వచ్చే కుంకుమ తెగులును, చెరకుకు వచ్చే తెగుళ్లను పరిశోధించడం ఆయన విధి. ఆ రోజులలోనే ఫిజీ దీవుల అరటి వేళ్లలో ఒక నులిపురుగును గుర్తించి, 1893లో దానిని వర్ణించారు. వేళ్లను తొలిచి అరటి చెట్టును పడగొట్టే పురుగు అది. అయితే ఆ చెట్టు మొదట ఉన్న పిడికెడు మట్టిలో ఇంకా ఎన్నో జాతుల నులిపురుగులు ఉంటాయి. అన్నీ సన్నని తెల్లని దారపు ముక్కల వలెనే కనిపిస్తాయి. వాటిలో దోషి ఎవరో తెలియకపోతే రైతుకు మేలు చేయడం ఎట్లా? ఒక్కొక్క జాతినీ విడిగా గుర్తించి, పేరు పెట్టడమే అందుకు మార్గమని కాబ్ గ్రహించారు.

పేరు పెట్టడం మనకు తోచినట్లు చేసే పని కాదు. ముందుగా పురుగును అన్ని వైపుల నుండి చూడాలి. మామూలు గాజు పలక మందంగా ఉంటుంది. దానిని తిరగవేసి సూక్ష్మదర్శినితో చూడలేము. అందుకని కాబ్ అల్యూమినియం చట్రంలో రెండు పలుచని గాజు బిళ్లలను అమర్చి, వాటి నడుమ పురుగును ఉంచారు. అప్పుడు రెండు వైపుల నుండీ చూడడం సాధ్యమైంది. నోటిలో పళ్లు ఉన్నవా, తోక మొనదేలినదా, గుండ్రనిదా అని పరీక్షించేవారు. తలకు ఇరువైపులా ఉండే జ్ఞానేంద్రియాలకు ఆంఫిడ్‌లు అని పేరు పెట్టినవారు ఆయనే.

తరువాత కొలతలు. ఒక పురుగు పొడవు 1 మిల్లీమీటరు, దాని తల కొన నుండి ఆహారవాహిక చివరి వరకు 0.2 మిల్లీమీటర్లు అనుకోండి. మరొక పురుగు పొడవు 2 మిల్లీమీటర్లు, అదే కొలత 0.4 మిల్లీమీటర్లు. రెండింటిలోనూ అది శరీరం పొడవులో నూటికి 20 వంతులే. ఈ విధంగా అవయవాల దూరాలను, ఆయా చోట్ల శరీరపు వెడల్పును శాతాలలో వ్రాసే సూత్రాన్ని కాబ్ వాడుకలోకి తెచ్చారు. మీరు గణితం తరగతిలో నేర్చుకొనే శాతాలే ఆయనకు పనిముట్లు అయినవి.

కాబ్ 1905లో హవాయి దీవులకు వెళ్లి చెరకు తెగుళ్లను పరిశోధించారు. చెరకు తోటల కష్టం మన తెలుగు కుటుంబాలలో కొన్నింటికి తాతముత్తాతల నాటి నుండి తెలిసినదే. 1907లో వాషింగ్టన్‌లోని వ్యవసాయశాఖలో చేరి, ప్రత్తి నాణ్యతను నిర్ణయించే పనులు కూడా చేశారు. ఏ పనిలో ఉన్నా నులిపురుగుల పరిశీలన మానలేదు. 1914లో, షాకిల్టన్ యాత్రికులు అంటార్కిటికా సముద్రం నుండి తెచ్చిన స్వేచ్ఛాజీవుల వర్ణనను ప్రకటించారు. ఈ విద్యకు నెమటాలజీ అని ప్రత్యేకమైన పేరు ఉండాలని కోరినవారు కూడా ఆయనే.

1917లో ఆయన మోనాంకస్ అనే ప్రజాతిని గురించి పెద్ద గ్రంథం ప్రకటించారు. ఇవి స్వేచ్ఛాజీవులు, పంటి బలంతో ఇతర నులిపురుగులను పట్టి తింటాయి. పైరుకు హాని చేసే పురుగులను అణచడానికి వీటిని ఒక చోటి నుండి మరొక చోటికి తీసుకొనిపోవచ్చునని ఆయన సూచించారు. పురుగులన్నింటినీ ఒకే గాటన కట్టి చంపితే, రైతు తనకు తోడుగా నిలిచేవాటిని కూడా పోగొట్టుకుంటాడు. పేరు తెలిసినప్పుడే వాటిని విడిగా కాపాడడం వీలవుతుంది.

1920లో ఒకే గ్రంథంలో వంద కొత్త నులిపురుగులను వర్ణించిన కాబ్, 1932 జూన్ 4వ తేదీన బాల్టిమోర్‌లో కన్నుమూశారు.

ఆ పని ఆయనతో ముగియలేదు. మన తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన గణపతి, చంద్రశేఖరరావు గార్లు వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల నడుమ బ్రతికే సూక్ష్మప్రాణులను పరిశోధించి, 1962లో ఆ వివరాలను ప్రకటించారు. నేటికి పేర్లు పొందిన నులిపురుగు జాతులు 25,000కు పైగా ఉన్నవి. పేరు లేనివి అంతకంటె ఎన్నో రెట్లు ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. మన రాస్ అల్ ఖైమాలో ఖర్జూర తోటల మట్టిలోను, ఖోర్ ఒడ్డున ఉన్న మడచెట్ల బురదలోను, సముద్రతీరపు ఇసుకలోను ఈ ప్రాణులు నివసిస్తున్నాయి. ఈసారి తీరానికి వెళ్లినప్పుడు తడి ఇసుకను పిడికిట పట్టి చూడండి. దానిలో ఇంకా ఎవరూ పేరు పెట్టని ప్రాణి కూడా ఉండవచ్చును. దానికి పేరు పెట్టేవారు మీలో ఒకరు కావచ్చును.