కర్నల్ సి. కె. నాయుడుగారు

సాయంకాలమున వాడరేవు ఇసుకతిన్నెలపై మన బాలురు కొబ్బరిమట్టను బ్యాటుగా చెక్కుకొని క్రికెట్టు ఆడుచుండగా మేము పలుమారులు చూచియున్నాము. ఆట ముగిసిన పిమ్మట వారు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి గలదు. సి. కె. నాయుడుగారు టెస్టు పందెములలో సగటున 25 పరుగులు మాత్రమే చేసిరి గదా, వారిని గొప్పవారని యేల కీర్తింతురని వారి సందేహము. ప్రశ్న న్యాయమైనదే. దానికి ప్రత్యుత్తరము వారి జీవితమునందే యున్నది.

కొఠారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీని, నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున జన్మించిరి. 1916లో బొంబాయియందు హిందువుల జట్టు పక్షమున యూరోపియనులతో తొలి పెద్దపందెము నాడిరి. తొమ్మిదవవారుగా దిగి, మూడు బంతుల నాపి, నాలుగవదానిని సిక్సరుగా కొట్టిరి.

1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం. సి. సి. జట్టు బొంబాయి జింఖానా మైదానమున హిందువులతో ఆడెను. ఆ జింఖానాయందు భారతీయులకు నాడు సభ్యత్వము లేదు. అట్టి చోట నాయుడుగారు రెండు గంటలైనను నిండకమునుపే 11 సిక్సరులతో 153 పరుగులు చేసిరి. పాలకులతో సరిసమానముగా ఆడగలమను ధైర్యము ఆనాడు చూపరులకు కలిగెను. రెండేండ్లకు, 1928లో, భారత క్రికెట్టు బోర్డు ఏర్పడెను.

1932లో మన జట్టు ఇంగ్లండునకు వెడలినప్పుడు నాయకుడు పోర్బందరు మహారాజు. ఆయన తనకంటె సమర్థుడు గలడని గ్రహించి, జూన్ 25న లార్డ్సునందు మొదలైన మన తొలి టెస్టునకు నాయకత్వమును నాయుడుగారికి విడిచెను. చేతికి దెబ్బ తగిలినను నాయుడుగారు మొదటి ఆటలో చేసిన 40 పరుగులే మనవారిలో అత్యధికము. మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. అయినను ఆ యాత్రయందు వారు ప్రథమశ్రేణి పందెములలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసిరి.

నాటికి వారి వయస్సు 36 సంవత్సరములు. మన దేశమునకు టెస్టు హోదా అంత ఆలస్యముగా లభించుటచే వారు ఆడిన టెస్టులు ఏడే, చేసిన పరుగులు 350. 1936లో తమ చివరి టెస్టునందు చేసిన 81 పరుగులే వారి యత్యధికము.

హోల్కారు మహారాజు సైన్యమున కొలువు చేయుటచే వారికి కర్నల్ అను పేరు వచ్చెను. హోల్కారు జట్టునకు నాయకులై రంజీ ట్రోఫీని నాలుగుమారులు గెలిచిరి. క్రమశిక్షణయందు కఠినులగుటచే జట్టులో అందరికిని ప్రియులు కాలేదు. ఆంధ్ర రాష్ట్ర మేర్పడిన 1953లో, 58 ఏండ్ల ప్రాయమున, ఆంధ్ర జట్టునకు నాయకులైరి. 1956లో పద్మభూషణ బిరుదము నొందిరి. 1967 నవంబరు 14న ఇండోరునందు పరమపదించిరి.

విద్యార్థులారా! సగటు అనునది లభించిన యవకాశములను మాత్రమే లెక్కించును. తలుపు మూసియున్న కాలమున ఏండ్లతరబడి సాధన మానక నిలిచినవాని శ్రమను లెక్కింపజాలదు. మేమును ఏటేట మార్కుల పట్టికలు చూచి మిమ్ము కొలుచువారమే. రాత్రి పడవపై తండ్రికి తోడుపోయి, ఉదయమున తరగతికి వచ్చు బాలుని మార్కులను చూచునప్పుడు, నాయుడుగారి ఆ 25ను మేమును జ్ఞప్తియందుంచుకొనవలసియున్నది.