చెయ్యి విరిగినా గద వీడని తారకరాముడు

యూసుఫ్‌గూడ: ఇక్కడి కృష్ణానగర్‌లో నివసించే సినీ ఫైటర్లకు దేహమే పెట్టుబడి. ఎముక విరిగితే ఉపాధి ఆగిపోతుంది. నందమూరి తారక రామారావుకు అలాంటి గాయం నటజీవితపు తొలినాళ్లలోనే ఎదురైంది.

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో జన్మించిన ఆయన సబ్ రిజిస్ట్రార్ కొలువు వదలి సినీరంగానికి వచ్చారు. 1949లో ‘మనదేశం’తో వెండితెరపై అడుగుపెట్టారు. మరుసటి ఏడాది విడుదలైన ‘పల్లెటూరి పిల్ల’ చిత్రీకరణలో డూప్ లేకుండా ఆంబోతుతో తలపడగా చెయ్యి విరిగింది. అంతటితో సాహస పాత్రలకు స్వస్తి చెప్పలేదు. 1951లో ‘పాతాళభైరవి’ తోటరాముడిగా జనం గుండెల్లో నిలిచారు.

తెల్లవారుజామునే లేచి వ్యాయామం చేయడం ఆయన నియమం. ‘నర్తనశాల’ (1963)లో బృహన్నల పాత్ర కోసం నలభయ్యో ఏటికి చేరువలో వెంపటి చినసత్యం వద్ద కూచిపూడి అభ్యసించారు. 1965లో ‘పాండవ వనవాసం’లో భీముడై గద పట్టారు. 1977లో విడుదలైన ‘దానవీరశూరకర్ణ’కు దర్శకత్వం వహిస్తూనే కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలు మూడూ పోషించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. గాయం మానడంతోనే దేహం పూర్వస్థితికి రాదు. దానిని తిరిగి నిలబెట్టేది నిత్యసాధనేనని ఆయన జీవితం తెలుపుతోంది.