ఓడిన కోచ్, గెలిచిన ఉస్తాద్

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అభిమానులు నలుగురు కలిస్తే ఏ కోచ్ గొప్ప అన్న వాదన మొదలవుతుంది. గెలుపులే లెక్కేస్తే జేమ్స్ నైస్మిత్ వెనకబడిపోతారు. 1861లో కెనడాలో పుట్టిన ఈయన తొమ్మిదేళ్లకే అమ్మానాన్నలను పోగొట్టుకున్నారు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికాలం హాల్లో ఆడుకోవడానికి పండ్ల బుట్టలు బిగించి, 13 నిబంధనలు రాసి బాస్కెట్‌బాల్ పుట్టించింది ఆయనే. తర్వాత కాన్సస్ యూనివర్సిటీ టీమ్‌కి కోచ్‌గా 55 గెలిచి, 60 ఓడారు. అక్కడి కోచ్‌లలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కరికే.

అయితే ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ అదే టీమ్‌ని మేటిగా నిలిపారు. నల్లజాతి విద్యార్థి జాన్ మెక్‌లెండన్‌ని అక్కడి టీమ్‌లో ఆడనివ్వని రోజుల్లో, నైస్మిత్ చేరదీసి పాఠాలు చెప్పారు. ఆ కుర్రాడే పెద్ద కోచ్ అయ్యి 1957 నుంచి వరసగా మూడేళ్లు ఎన్‌ఏఐఏ జాతీయ టైటిల్ గెలిపించారు. నైస్మిత్ 1939లో కన్నుమూశారు. కోచ్‌కి ర్యాంకు ఇచ్చేటప్పుడు శిష్యుల గెలుపులు కూడా కలపాలి కదా!